మూడో ప్రకటన

"ఈ డ్రైవులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా?" అని ల్యాప్‌టాప్ తెర అడిగే సమయానికి గోడకు అవతల గుడిలో మొదటి కీర్తన రెండో చరణంలోకి దిగింది, మగవాళ్ళు ఎప్పటిలాగే అర తాళం వెనకబడ్డారు, లిడియా వేలు మౌస్ మీదే ఆగిపోయింది. చెరిగిపోవడానికి అందులో ఏమీ లేదు. నిన్న సాయంత్రం తెనాలిలో రైలెక్కే ముందు కొన్న కొత్త పెన్ డ్రైవ్ అది, అట్ట కూడా ఇందాకే పళ్ళతో చింపింది. అయినా అలా ఎదురుగా అడిగేసరికి మనసు ఉలిక్కిపడింది. యంత్రానికున్న మర్యాద చూడు, ఉన్నది పోయే ముందు ఒక్క మాట అడుగుతుంది, మనుషులు అదీ అడగరు, అంతా అయిపోయాక శుభలేఖ పంపిస్తారు. సరే నొక్కింది. ఆకుపచ్చ గీత ఒకటి పుట్టి చీమ నడకన కుడివైపుకు బయల్దేరింది. ఒక శాతం. రెండు శాతం.

గుడి ఆఫీసంటే పేరు గొప్ప ఊరు దిబ్బ. ఒక బీరువా నిండా బాప్తిస్మపు రిజిస్టర్లు, మూలన దుమ్ము కొట్టుకుపోయిన క్రిస్మస్ నక్షత్రపు చట్రం, ఒకదాని మీద ఒకటి ఎక్కిన ప్లాస్టిక్ కుర్చీలు, బల్ల మీద పన్నెండేళ్ళ నాటి కంప్యూటర్. పోయిన ఆగస్టులో ఉరుముల వానకు కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చి దాని బుర్ర తిరిగిపోయింది. మీట నొక్కితే నల్ల తెర మీద తెల్ల గీత ఒకటి మిణుకుమనడం తప్ప అప్పటినుంచీ ఉలుకూ పలుకూ లేదు. తొమ్మిది నెలలుగా అబ్రహాము అయ్యగారు గుడి కాగితాలన్నీ బజారులో టైపు చేయించుకుంటున్నారు. గురువారం పెళ్ళి ఉంది, ఆరాధన క్రమం ప్రతులు తీయాలి. "నువ్వుండగా బజారుకెందుకమ్మా, ఈ ఒక్కసారికి దాన్ని లేపి కూర్చోబెట్టు తల్లీ" అని పోయిన వారం ఫోన్ చేశారు. తెనాలి డిగ్రీ కాలేజీలో పద్నాలుగేళ్ళుగా కంప్యూటర్లు చెప్పే లిడియాకు ఇదో లెక్క కాదు. ముసలి యంత్రానికి ఇప్పటి సిస్టమ్ ఎక్కించడమంటే డెబ్బై ఏళ్ళ మనిషి నెత్తిన వడ్ల బస్తా పెట్టడమే. అందుకే తేలికపాటిది, రెండు జీబీల మెమరీలో కూడా ఆయాసపడకుండా నడిచే లినక్స్ ఒకటి, కాలేజీ ల్యాబులో దింపుకొచ్చింది. దాన్ని పెన్ డ్రైవులోకి ఎక్కించాలి, ఆ పెన్ డ్రైవుతో కంప్యూటర్‌ను లేపాలి, లోపలి డిస్కును తుడిచి కొత్తది వేయాలి. గంట పని. ఆ గంట ఆదివారం ఆరాధన గంటే కావడం మాత్రం అనుకోకుండా జరిగింది కాదు.

పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలి, ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం జరగబోతోంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి అని. వరుడి గుడిలోనూ చదువుతారు, వధువు గుడిలోనూ చదువుతారు. చదివి అయ్యగారు ఒక్క క్షణం ఆగుతారు. ఆ క్షణంలో ఎవరూ ఏమీ అనరు, అనాలని కాదు అది, పూర్వం నుంచీ వస్తున్న పద్ధతి, చంటిపిల్ల ఏడుపో ఫ్యాన్ చప్పుడో తప్ప ఏమీ వినిపించదు. మొదటి ఆదివారం లిడియా ఆడవాళ్ళ వైపు మూడో బెంచీలో కూర్చుని ఆ క్షణాన్ని విన్నది. ఎబినేజర్ మాస్టారి పేరు, ఆ పక్కన బాపట్ల రిబ్కా పేరు, ఆ తర్వాత ఆ నిశ్శబ్దం. రెండో ఆదివారం జ్వరమని చెప్పి ఇంట్లో పడుకుంది. మూడోది ఈ రోజు, మూడో ప్రకటన చదివేస్తే ఇక చదవడాలు లేవు, పెళ్ళే. గుడికి రాకపోతే అడుగుతారు, వస్తే కూర్చోలేదు, అందుకని కంప్యూటర్ వంక పెట్టుకుని గోడ చాటుకు వచ్చింది. వచ్చి కూర్చున్నాక గాని తెలియలేదు, మైకు తాలూకు స్పీకరు ఒకటి ఈ గదిలో కూడా పెట్టారని. దేవుడికి కూడా అప్పుడప్పుడు పరాచికాలాడాలనిపిస్తుంది కాబోలు.

పదకొండు శాతం. స్పీకరులో ఒప్పుకోలు ప్రార్థన మొదలైంది, చేయవలసిన వాటిని చేయక విడిచితిమి అని అందరూ ఒక్క గొంతుగా అంటుంటే లిడియా పెదాలు కూడా వాటంతట అవే కదిలాయి. చేయకూడనివి చేసిన వాళ్ళ సంగతి దేవుడికెరుక, ఆమె లెక్కంతా ఆ మొదటి సగంలోనే ఉంది. పదకొండేళ్ళు. పొద్దున ఆరున్నర రైలు, రేపల్లెలో ఎక్కి, పల్లెకోన, భట్టిప్రోలు. భట్టిప్రోలు హైస్కూల్లో సోషల్ చెప్పే ఎబినేజర్ మాస్టారు అక్కడ దిగిపోతారు, ఆమె తెనాలి దాకా వెళ్ళాలి. అంటే పావుగంట. రోజుకో పావుగంట, పదకొండేళ్ళు, ఒక పావుగంట సంసారం. ఆయన కిటికీ పక్క సీటు ఆపి ఉంచడం, ఆమె టిఫిన్ డబ్బా మూతలో రెండు ఇడ్లీలు పెట్టి ఇవ్వడం, ఆయన తిని మూత రుమాలుతో తుడిచి ఇవ్వడం, కాలువ కట్ట మీద కొంగల్ని చూపించి ఈ ఏడు నీళ్ళు ముందే వదిలారండీ అనడం. "లిడియా గారూ", "మాస్టారూ" అనే పిలుపులు దాటి ఒక్క అంగుళం కూడా పోలేదు. ఆయన దిగాక పెనుమర్రు, వేమూరు, జంపని అన్నీ వట్టి స్టేషన్లే ఆమెకు. పుస్తకం తెరుచుకుని కూర్చునేది గాని, చదివిన పేజీ తెనాలి వచ్చేసరికి మళ్ళీ మొదటినుంచి చదవాల్సి వచ్చేది.

ఎవరూ ఏమీ అనుకోలేదు, అదే చిత్రం. ఊళ్ళో ఆకు రాలితే అల్లరి చేసే జనం వీళ్ళిద్దర్నీ చూసి ఒక్క మాట అనలేదు. లిడియా ఆయనకంటే రెండేళ్ళు పెద్ద, తండ్రి పోయాక చెల్లెళ్ళ చదువులు, పెళ్ళిళ్ళు నెత్తిన వేసుకున్న మనిషి. పెళ్ళి అనే మాట ఆమె పక్కన పెట్టి ఎవరూ ఆలోచించలేదు, బల్లకూ కుర్చీకీ మధ్య సంబంధం కలిపి ఎవరు మాట్లాడతారు? ఒకసారి, ఆరేళ్ళ కిందట, సండే స్కూలు పిల్లల్ని పెనుమూడి తీసుకెళ్ళారు, వంతెన మీద గాలి అంటే గాలి కాదు, గొడుగు తిరగబడి ఆమె చేతుల్లోంచి ఎగిరి కృష్ణలోకి పోయింది, పిల్లలంతా గోల గోల. ఎండకు ఆమె కొంగు కప్పుకోబోతే మాస్టారు తన జేబురుమాలు తీసి ఆమె చేతికివ్వలేదు, తానే ఆమె తల మీద వేశారు. వేసి, వేసిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వంతెన కమ్మీ పట్టుకున్నారు. అంతే, ఆ పదకొండేళ్ళలో ఒకరినొకరు తాకింది ఆ ఒక్కసారి, అదీ మధ్యలో గుడ్డ ఉండగా. ఆ రుమాలు ఉతికి ఇస్త్రీ చేసి మర్నాడు రైల్లో తిరిగి ఇచ్చేసింది, బుద్ధిలేనిది, ఉంచుకుంటే ఎవరు అడగబోయారు.

నలభై శాతం. వాక్య పఠనం అవుతోంది, చదివే పెద్దాయన అద్దాలు మరిచిపోయినట్టున్నాడు, కూడబలుక్కుంటున్నాడు. మాస్టారి తల్లి రాజమ్మ గారు కూడా చివరి రోజుల్లో అలాగే కూడబలుక్కుని మాట్లాడేది. పోయిన శ్రావణంలో మంచాన పడ్డాక ఒక సాయంత్రం లిడియాను కబురంపి పిలిపించుకుంది, చెయ్యి పట్టుకుంది, పట్టు మాత్రం ఇనప పట్టు. "నేను పోయేలోపు వాడిని ఓ ఇంటివాణ్ణి చెయ్యాలమ్మా. బయోడేటా కావాలంటున్నాడు మా తమ్ముడు, బాపట్ల వైపు చూస్తాడంట. నువ్వే రాయవే తల్లీ. వాడి నోట్లో నాలిక లేదు. వాడి గురించి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?" అంది. అన్నాక కూడా చెయ్యి వదల్లేదు, ఏదో చెబుతుందేమోనన్నట్టు మొహంలోకి చూస్తూనే ఉంది. లిడియా ఏం చెప్పింది? "రాస్తానండి అత్తయ్య గారూ" అంది. నోట్లో ముద్ద పెట్టబోతుంటే ఆకలి లేదన్నట్టు. ముసలావిడ కళ్ళు మూసుకుని, సరేలే అని చెయ్యి వదిలేసింది. ఆ సరేలేలో ఎంత ఉందో ఇప్పుడు తూకం వేసుకుంటే ఏం లాభం, మనిషి అక్టోబరులో మట్టిలోకి పోయింది.

రాసింది, ఇదే బల్ల దగ్గర, ఇదే కంప్యూటర్‌లో. గురువారం సాయంత్రం, బయట ముసురు, మాస్టారు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చిన పెళ్ళికూతురులాగా కూర్చున్నారు. పేరు, పుట్టిన తేదీ, సంఘం, ఉద్యోగం, ఎత్తు అన్నీ అడక్కుండానే ఆమె టైపు చేసుకుంటూ పోయింది, ఆయన ఎడమ మోచేతి మీది మచ్చతో సహా అన్నీ తెలిసినవే. ఓర్పు గల మనిషి అని రాసింది. చివర ఒక గడి, కోరుకునే వధువు. అక్కడ వేళ్ళు ఆగాయి. "ఎలాంటి అమ్మాయి అని రాయమంటారు మాస్టారూ?" అని తెర వైపే చూస్తూ అడిగింది. ఆయనా తెర వైపే చూస్తూ, "మీకు తెలియదాండీ? మీరే రాయండి" అన్నారు. అంతకంటే సూటిగా మగవాడు ఎలా అడుగుతాడు, అంతకంటే గట్టిగా గుండె ఎలా కొట్టుకుంటుంది, అయినా ఆ క్షణాన ఆమెకు సిగ్గు వచ్చింది, నలభై ఏళ్ళ మనిషికి, తన గురించి తానే రాసుకుంటే ఏం బావుంటుందని, లోకం ఏమనుకుంటుందని, ఆయనే అంటే కదా అందం అని. వేళ్ళు వాటంతట అవే కొట్టుకుంటూ పోయాయి: దైవభక్తి గల కుటుంబం, డిగ్రీ, వయసు ముప్పై లోపు. కొట్టేయమంటారేమోనని కాసేపు ఎదురు చూసింది. ఆయన ముందుకు వంగి చదివారు. "ముప్పై లోపా?" అన్నారు. "అందరూ అలాగే అడుగుతారు కదండీ" అంది. "సరే, మీరు రాసినట్టే ఉండనివ్వండి" అన్నారు. ప్రింటు తీసి చేతికిచ్చింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ఆయన తనకు చేతనైనట్టు అడిగారు, పెట్టాల్సిన మనిషి కంచం తీసి దాచేసింది.

ఆ కాగితమే బాపట్ల వెళ్ళింది. రిబ్కాకు ఇరవై తొమ్మిది, ముప్పైకి సరిగ్గా ఒకటి లోపు, బాపట్లలో నర్సు. జనవరిలో చూసుకున్నారు, ఫిబ్రవరిలో ప్రధానం, అదే నిశ్చితార్థం, జరిగింది, ఆ తర్వాత నలభై రోజులు శ్రమకాలం, పెళ్ళిళ్ళు పెట్టరు కాబట్టి ఈస్టరు దాకా ఆగారు. ఆ నలభై రోజులూ లిడియా ఉపవాసాలు చేసింది, దేని కోసమో దేవుడితో కూడా చెప్పలేదు. సెలవులు ఇచ్చే రోజున భట్టిప్రోలులో దిగుతూ మాస్టారు, "జూన్ నుంచి బాపట్లకు బదిలీ పెట్టుకుంటున్నానండి" అన్నారు. "మంచిదండీ, అక్కడ సముద్రం గాలి ఉంటుంది" అంది ఆమె. సముద్రం గాలి! ఇంకేమీ దొరకనట్టు. తొంభై రెండు శాతం, తొంభై ఆరు, రాయడం అయింది, రాసినది సరిగా ఉందో లేదో సరిచూస్తున్నానంది యంత్రం. ఎంత ముందుచూపు, రాసిన ప్రతి అక్షరం మళ్ళీ చదువుకుని గాని బయటికి పంపదు.

విశ్వాస ప్రమాణానికి అందరూ లేచి నిలబడిన చప్పుడు వినిపించింది, బెంచీలు కిర్రుమన్నాయి. పెన్ డ్రైవ్ తీసి పాత కంప్యూటర్‌కు పెట్టింది, మీట నొక్కి, అది కళ్ళు తెరవకముందే పైవరసలో మీటను టకటకా కొడుతూ పోయింది, ఎక్కడినుంచి లేవాలో అది అడిగేలోపు పట్టుకోవాలి, ఒక్క క్షణం ఆలస్యమైతే మళ్ళీ ఆ నల్ల తెరే. మొదటిసారి తప్పిపోయింది. రెండోసారి దొరికింది. పెన్ డ్రైవ్ పేరు మీద నీలం గీత పెట్టి నొక్కితే, కాసేపు గుటకలు మింగి, చుక్కలు చుక్కలుగా వెలిగి, తొమ్మిది నెలల తర్వాత ఆ తెర మీద తెల్లవారింది. లోపల వేయకుండా ఊరికే నడిపి చూస్తారా, లేక వేసేస్తారా అని అడిగింది. ఊరికే నడిపి చూడడమే నొక్కింది, డిస్కు తుడిచే ముందు సంఘం వాళ్ళ పాత జాబితాలు తీసి పెట్టుకోవాలి కదా. ఇలా నడిస్తే అంతా పెన్ డ్రైవ్ మీదే నడుస్తుంది, లోపలి దేన్నీ తాకదు, పెన్ డ్రైవ్ లాగేస్తే వచ్చిన జాడ కూడా ఉండదు. పిల్లలకు ఈ పాఠం పద్నాలుగేళ్ళుగా చెబుతున్నా, ఈ రోజే మొదటిసారి ఆమెకు కళ్ళు మండాయి.

పాత డిస్కు తెరుచుకుంది. దెబ్బ తిన్నది పైపైనే, లోపలి సరుకంతా పదిలంగానే ఉంది. బాప్తిస్మాల జాబితా, కానుకల పట్టీ, స్త్రీల సమాజం ఫోటోలు, ఒక్కొక్కటీ వెంట తెచ్చుకున్న హార్డ్ డిస్కులోకి లాగుతుంటే కనిపించింది, ఎబినేజర్ బయోడేటా. చూడకుండా దాటేద్దామనుకుంది. దాని కిందే ఇంకో ఫైలు ఉంది, లిడియా గారికి అని పేరు. తాను పెట్టింది కాదు. ఆ రోజుల్లో గుడి కాగితాలు టైపు చేసేది తానే, ఇక్కడ పెడితే తన కంటే పడుతుంది. తేదీ చూసింది, ఆ గురువారం కాదు, మర్నాడు శుక్రవారం, సాయంత్రం ఆరు దాటి పది నిమిషాలు. ఆ శుక్రవారం ఆమె పరీక్షల డ్యూటీ మీద బాపట్ల పోయింది, మంగళవారం గాని రాలేదు. శనివారం ఉరుముల వాన. ఫైలు తెరిచింది. నిండా నాలుగు వరసలు లేవు, ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టినట్టు మధ్య మధ్య ఖాళీలు.

"కోరుకునే వధువు: వయసు నలభై అయినా సరే. ఉద్యోగం తెనాలి అయినా సరే. పొద్దున ఆరున్నర రైలు ఎక్కే అలవాటు ఉండాలి. నాకు ఇలా రాయడం చేతకాదండి. నోటితో చెప్పడం అసలే చేతకాదు. మీకు ఇష్టమైతే ఇది ప్రింటు తీసి అమ్మకు చూపించండి, నిన్నటిది చింపేయండి. ఇష్టం లేకపోతే దీన్నే చెరిపేయండి. నేను ఎప్పుడూ అడగను." అంతే. కింద సంతకం కూడా లేదు. లిడియా చదివింది, మళ్ళీ చదివింది, తర్వాత అక్షరాలు కనిపించలేదు, చీర చెంగు నోట్లో కుక్కుకుంది, గోడ అవతల సంఘమంతా ఉంది, చప్పుడు కాకూడదు. ఎప్పుడూ అడగను అన్నారు, అడగలేదు. మాట మీద నిలబడే మనిషి, ఓర్పు గల మనిషి, తానే రాసిందిగా. బుధవారం రైల్లో ఆమె మొహం చూసి ఉంటారు. ముప్పై లోపు అని రాసిన సిగ్గుతో ఆమె తలెత్తలేదు, ఇడ్లీల మూత ఇచ్చి కిటికీ వైపు తిరిగింది, చదివి చెరిపేసిందనుకుని ఉంటారు, ఇంకేమనుకుంటారు. కంప్యూటర్ పోయిన సంగతి తర్వాత తెలిసినా, ఏ రోజు పోయిందో తెలియక, చదివాకే పోయిందనుకుని ఉంటారు. ఈ తొమ్మిది నెలల్లో ఏ ఒక్క ఆదివారం వచ్చి దీన్ని బాగుచేసినా సరిపోయేది, పిలుస్తూనే ఉన్నారు అయ్యగారు. ఆయన కూర్చున్న ఆ కుర్చీ చూడలేక, చూస్తానండి చూస్తానండి అంటూ దాటేసింది. ఎవరిని తిట్టుకోవాలి? ఉరుముల్నా? లిడియా తనను తాను తిట్టుకోవడానికి మాటలు వెతికింది, రాజమ్మ గారు ఉంటే బాగా తిట్టి ఉండేది.

ప్రసంగం ఎప్పుడు మొదలైందో ఎప్పుడు సగమైందో తెలియదు. అయ్యగారి గొంతు స్పీకరులో గరగరమంటోంది, ఆఖరిగా ఒక్క మాట అంటున్నారు, ఆయన ఆఖరి మాటలు మూడు ఉంటాయి, రెండోది అయింది. ఇంకా టైముంది. ఆ ఆలోచన రాగానే కుర్చీలోంచి లేచింది. ఇంకా చదవలేదు, మూడో ప్రకటన ఇంకా చదవలేదు, చదివాక ఆ ఒక్క క్షణం ఆగుతారు, ఆ క్షణం ఉన్నది అందుకే, పూర్వీకులు పెట్టింది అందుకే. వెళ్ళి చెప్పాలి. ఏమని? ఈ పిల్లకు ముందే పెళ్ళయిందనా, వరస కాదనా, గుడి ఒప్పుకునే అభ్యంతరాలు అవీ. ఒక ఫైలు ఆలస్యంగా తెరుచుకుందని ఏ రిజిస్టరులో రాసుకుంటారు? మరి రిబ్కా? ఆ పిల్ల ఏం చేసింది? మొన్న ఫోనులో, "అక్కా, మా ఆయనకు పులుపు ఎక్కువ కావాలంట, మీకు బాగా తెలుసని చెప్పారు" అని నవ్వింది, మా ఆయన అనేటప్పుడు గొంతు తగ్గించింది. ఆ గొంతు గుర్తొచ్చి లిడియా మళ్ళీ కూర్చుంది. కూర్చుని తెర వైపు చూసింది, వయసు నలభై అయినా సరే. మళ్ళీ లేచింది. జీవితమంతా ఇతరుల కోసం కూర్చుంది, ఒక్కసారి నిలబడితే భూమి బద్దలవుతుందా? ఆయనకు తెలియాలి, చెరపలేదని తెలియాలి, అది తెలిశాక ఎవరిని చేసుకున్నా చేసుకోనీ, అలా అనుకుంది గాని అబద్ధం, ఆయన తనను చేసుకోవాలి, అదే కావాలి, దేవుడి గుడి గోడ మీద చెయ్యి పెట్టి ఒప్పుకుంటోంది, అదే కావాలి.

ఆఫీసు నుంచి గుడిలోకి పక్క తలుపు ఉంది, బలిపీఠానికి పది అడుగుల దూరంలో. ఆమె తలుపు తీసేసరికి అయ్యగారు ప్రకటనల కాగితం చేతిలోకి తీసుకున్నారు. స్త్రీల సమాజం బుధవారం సాయంత్రం, ఉపవాస ప్రార్థన శుక్రవారం. తర్వాత గొంతు సవరించుకున్నారు. "రేపల్లె వాస్తవ్యురాలు, ప్రభువునందు నిద్రించిన రాజమ్మ గారి కుమారుడు ఎబినేజరునకును, బాపట్ల వాస్తవ్యులైన ప్రేమ్ కుమార్ గారి కుమార్తె రిబ్కాకును పరిశుద్ధ వివాహము జరుగనైయున్నది. ఇది మూడవ ప్రకటన. వీరు జతపరచబడకుండుటకు తగిన కారణము ఎవరికైనను తెలిసినయెడల ఇప్పుడే తెలియజేయవలెను." ఆగారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. లిడియా గడప దాటి ఒక అడుగు లోపలికి వేసింది. మగవాళ్ళ వైపు రెండో బెంచీలో, బాపట్ల నుంచి వచ్చిన ప్రేమ్ కుమార్ గారి పక్కన, తెల్ల చొక్కాలో మాస్టారు తలెత్తి ఆమెను చూశారు. చూసి లేచి నిలబడ్డారు. కూర్చున్న గుడిలో ఆయనొక్కరే నిలబడ్డారు, చేతిలో కీర్తనల పుస్తకం తెరిచే ఉంది.

అయ్యగారు కూడా ఇటు తిరిగారు. "ఏమ్మా లిడియా, ఏమైనా చెప్పాలా?" అన్నారు మైకులోనే. ఆమె నోరు తెరిచింది. ఆ ఒక్క ఊపిరి ఆలస్యంలోనే ముసలాయన చిరునవ్వు నవ్వి, "కంప్యూటర్ సంగతా? లేచిందా అమ్మా?" అన్నారు. గుడిలో సన్నగా నవ్వులు లేచాయి, ప్రేమగానే, మన లిడియా ఇంకేం చెబుతుందని. ఒక్కళ్ళ మొహంలో కూడా వేరే అనుమానం లేదు, ఆ క్షణాన ఆమె అక్కడ నిలబడి ఉన్నా కూడా లేదు. అడిగినదానికి జవాబు చెప్పడం పుట్టినప్పటినుంచీ ఆమెకు అలవాటు. "లేచిందండీ అయ్యగారూ" అంది. అని ఆగలేదు, ఆగితే చచ్చిపోతుందనిపించి, అయ్యగారి వైపు కాకుండా రెండో బెంచీ వైపు చూస్తూ, "పాత ఫైళ్ళన్నీ ఉన్నాయండి. ఒక్కటి కూడా చెరిగిపోలేదండి. నేను ఇప్పుడే చూశానండి, ఇంతకుముందు చూడలేదండి" అంది. మాస్టారి మొహంలో రక్తం లేకుండా పోయింది. అర్థమైంది, అంతమందిలో ఆయనొక్కరికే అర్థమైంది. పెదవులు కదిలాయి. అనండి, అనుకుంది లిడియా, నేను చెప్పాల్సింది చెప్పాను, ఇక మీరే అనండి మాస్టారూ. ఆయన ఆమె వైపే చూస్తూ నిలబడ్డారు, ఇంకా ఏదో ఒక్క మాట ఆమె దగ్గరనుంచి వస్తుందేమోనని, ఆ ఒక్కటీ వస్తే చాలన్నట్టు.

ప్రేమ్ కుమార్ గారు పక్కనుంచి ఆయన భుజం మీద చెయ్యి వేసి, "కూర్చో బాబూ, ఎండకి కళ్ళు తిరిగాయా?" అని మెల్లగా అన్నారు. ఎంతో మంచి మనిషి. మాస్టారు ఆ చేతి కింద నెమ్మదిగా వంగి కూర్చున్నారు. అయ్యగారు కాగితం మడిచి, "ఎవరికిని అభ్యంతరము లేనందున ప్రభువు ఈ జంటను దీవించును గాక" అన్నారు. ఆమేన్ అంది సంఘం. అందరితో పాటు, పక్క తలుపు పట్టుకుని నిలబడి, అలవాటు కొద్దీ, లిడియా కూడా ఆమేన్ అంది.